ఎవరికి వచ్చును? ఎవరికి రావలెను?

చలనచిత్రములకు బహుమానము లిచ్చు దినములు సమీపించినప్పుడెల్ల మన చెల్పూరులోను, చుట్టుపట్ల గ్రామములలోను ఒక విధమైన జోస్యము బయలుదేరుచుండును. విద్యుత్కేంద్రమున పని ముగించుకొని వచ్చువారు టీ దుకాణము కడను, విద్యార్థులు బడి మెట్లమీదను, అన్నదమ్ములు భోజనము ముందును కూర్చుండి, ఏ చిత్రమునకు ఏ బహుమానము వచ్చునో ముందుగనే తేల్చి చెప్పుచుందురు. ఉగాదినాడు పంచాంగము చదివి వానలు చెప్పు సిద్ధాంతిగారికంటె వీరికి ధీమా యెక్కువ. సిద్ధాంతిగా రాఢకముల లెక్కయైనను చూచుకొందురు గదా!

ఇది కాలహరణమని పెద్దలు కొందరు కసరుదురు. నా యభిప్రాయ మది కాదు. సాక్ష్యములను కూర్చుకొని రాబోవుదాని నూహించుట బుద్ధికి మంచి సాము. అయితే ఈ జోస్యములో రెండు వేర్వేఱు ప్రశ్న లొక్క మూటలో కట్టబడి యున్నవి. బహుమానము ఎవరికి వచ్చును అనునది మొదటిది. ఎవరికి రావలెను అనునది రెండవది. మొదటిదానికి బదులు చెప్పవలెనన్న బహుమాన మిచ్చువారిని ఎఱిగియుండవలెను. రెండవదానికి బదులు చెప్పవలెనన్న చిత్రమును ఎఱిగియుండవలెను, తన మనస్సును ఎఱిగియుండవలెను. మన బాలురు ఈ రెంటిని తాఱుమాఱు చేయుచున్నారు. తమకు ప్రియుడైన నటునికే తప్పక వచ్చునని ముందు వాదింతురు. ఫలితము వెలువడిన మఱునాడు, వచ్చినవాడే యుత్తముడని తలయూపుదురు. మొదటి తప్పు నవ్వి యూరకుండదగినది. రెండవది మాత్రము నాకు భయము కలిగించుచున్నది.

ముందుగా జోస్యపు సంగతి చూతము. లోకములో నెక్కువమంది ఊహించునది అమెరికాలోని లాస్ ఏంజెల్స్ నగరమున నేటేట జరుగు ఆస్కారు సభనుగూర్చి. ఆ సభ మొట్టమొదట 1929 మే 16వ తేదీన ఒక హోటలులో జరిగెను. బహుమానముల పంపకము పావుగంటలో ముగిసినదట. గెలిచినవారి పేరులు మూడు నెలల ముందే ప్రకటింపబడి యుండుటచే ఆనా డెవరికిని ఊహించు పని లేకపోయెను. పిమ్మట పేరులను సభాదినమువఱకు దాచుచు, పత్రికలవారికి మాత్రము, రాత్రి పొద్దుపోయినదాక అచ్చువేయరాదను కట్టుబాటుతో ముందుగ తెలుపుచు వచ్చిరి. 1940లో లాస్ ఏంజెల్స్ టైమ్స్ పత్రిక ఆ కట్టుబాటును మీఱి సాయంకాలపు ప్రతిలోనే జాబితాను అచ్చొత్తెను. సభకు పోవు నతిథులు దారిలోనే ఫలితములు చదువుకొనిరి. దానితో విసిగి, 1941 మొదలు పేరులను మూసి ముద్రవేసిన కవరులలో నుంచుట ఆరంభించిరి. నేడు మనము ఊపిరి బిగబట్టి చూచు ఆ కవరు ఒక పత్రికవారి తొందరపాటువలన పుట్టినదే.

ఆ కవరులోని పేరు దేవరహస్యము కాదు, ఓట్ల లెక్క. 2023లో ఆ యోటు హక్కు గలవారు 9,000 మందికి పైబడి యుండిరి. వీరందఱును చలనచిత్రముల పనులలో ఆఱితేఱినవారు. పాటల విషయమున, సంగీతశాఖవారు ముందుగా 15 పాటలను ఏఱి, వానినుండి అయిదింటిని నిలుపుదురు. ఆ యయిదింటిలో నొకదానిని ఎన్నుటకు అన్ని శాఖలవారును ఓటు వేయుదురు. ఎక్కువ ఓట్లు వచ్చినది గెలుచును. ఉత్తమచిత్రమునకు మాత్రము లెక్క వేఱు. అది బాలురకు కొంచెము విప్పి చెప్పదగినది.

ఒక తరగతిలో 40 మంది కలరనుకొందము. తరగతి నాయకత్వమునకు ముగ్గురు పోటీచేసిరి. రామయ్యకు 18, యేసుదాసునకు 17, కరీమునకు 5 ఓట్లు వచ్చినవి. మామూలు లెక్కలో రామయ్యదే గెలుపు. కాని ప్రతి విద్యార్థియు తన చీటీమీద మొదట ఎవరు, తరువాత ఎవరు అని వరుసగా వ్రాసియుండెననుకొనుడు. కడపట నిలిచిన కరీమును తొలగించి, అతనికి వేసిన అయిదుగురి చీటీలలో రెండవ పేరు ఎవరిదో చూచి, ఆ ఓట్లు వారికి కలుపుదురు. అయిదింటను యేసుదాసు పేరే యున్నచో అతడు 22 ఓట్లతో నాయకుడగును. ఆస్కారు ఉత్తమచిత్రము నీ విధముననే తేల్చుదురు. కావున దాని నూహింపగోరువాడు, కొందఱు ప్రాణముగ ప్రేమించు చిత్ర మేదియని కాక, పెక్కుమంది రెండవ స్థానముననైన నిలుపు చిత్ర మేదియని అడుగుకొనవలెను. 2017లో 14 నామినేషనులతో వచ్చిన 'లా లా లాండ్' గెలుచునని లోకమంతయు చెప్పెను. వేదికమీది వారికి పొరపాటున వేఱొక కవరు చేతికి వచ్చుటచే ఆ పేరే చదువబడెను కూడ. కాని గెలిచినది 'మూన్‌లైట్.'

ఇంకొక ముచ్చట. ఒక విభాగమునకు నిలిచిన చిత్రము లన్నిటిని చూచినవారే ఆ విభాగమున తుదియోటు వేయవలెనను నియమమును ఆ సంఘమువారు 2025 ఏప్రిలులో ప్రకటించిరి. అంతదాక చూడకయే ఓటు వేసినవారును ఉండిరన్నమాట! పరీక్షకాగితము చదువక మార్కులు వేయు పంతులును మనము క్షమింతుమా?

ఈ లెక్క లన్నియు మన జిల్లావారికి సొంతవ్యవహారమైనది 2023లో. చిట్యాల మండలములోని చల్లగరిగ గ్రామమున పుట్టిన చంద్రబోసుగారు వ్రాయగా కీరవాణిగారు బాణీకట్టిన 'నాటు నాటు' పాట ఆ యయిదింటిలో నొకటిగ నిలిచెను. తక్కిన నాలుగును తేలికవి కావు. లేడీ గాగా, రిహానా అను లోకప్రసిద్ధ గాయనుల పాటలు రెండు. ఆ రాత్రి 7 బహుమానములు గెలుచుకొన్న 'ఎవ్రిథింగ్ ఎవ్రివేర్ ఆల్ ఎట్ వన్స్' లోని పాట యొకటి. నాలుగవది డయాన్ వారెన్ అను నామె రచన. ఆమె కది 14వ నామినేషను. పోటీలో ఒక్కమాఱును గెలువలేదు. పాపము, ఈసారియైన ఆమెకే యిత్తురని తలచినవారు కలరు. జాలి చూచి జోస్యము చెప్పరాదు. ఓటు వేయు వేలమంది ఒకచోట కూర్చుండి జాలిపడరు. ఎవరి చీటీ వారు వేయుదురు.

'నాటు నాటు' గెలుచునని చెప్పినవారికి మంచి యాధారము లుండెను. జనవరి 10న గోల్డెన్ గ్లోబు బహుమానము ఆ పాటకే వచ్చినది. అయిదు దినములకు విమర్శకుల బహుమానము వచ్చినది. అన్నిటికంటె బలమైన హేతువు వేఱొకటి యని నా తలంపు. 'ఆర్.ఆర్.ఆర్.' చిత్రమునకు దక్కిన నామినేషను అదొక్కటే. చిత్రమును మెచ్చినవా రెల్లరు తమ మెప్పు నంతయు నొక్క గడిలోనే వేయవలసి వచ్చెను. ఏటినీరు అంతయు నొక్క తూమున పాఱినట్లాయెను. మార్చి 13వ తేదీ సోమవారము ప్రొద్దున మన కా వార్త చేరినది.

కాని అదే చిత్రమునుగూర్చి తప్పిన జోస్యములను ఎవరును తలచుకొనరు. 2022 ఆగస్టులో వెరైటీ అను అమెరికా పత్రిక, ఉత్తమనటుని పోటీకి రాగలవారి పొడుగైన పట్టికలో జూనియర్ ఎన్.టి. రామారావుగారి పేరు చేర్చెను. రావచ్చును అని వారు వ్రాసిరి. వచ్చుచున్నది అని మనవారు చదివిరి. నామినేషనులు వెలువడిననాడు ఆ పేరు అందులేదు. అట్లే భారతదేశము పక్షమున పంపు చిత్రము 'ఆర్.ఆర్.ఆర్.' అయి తీరునని అందఱు నమ్మియుండగా, ఫిలిం ఫెడరేషను వారు గుజరాతీ చిత్రమైన 'ఛెల్లో షో'ను ఎన్నుకొనిరి. అది 15 చిత్రముల పట్టికదాక పోయి, తుది అయిదింటిలో చేరలేదు. నెగ్గిన యూహ నొక్కదానిని చెప్పుకొని తప్పిన రెంటిని మఱచువానికి జోస్యము ఎన్నటికిని అబ్బదు.

ఇక రెండవ ప్రశ్న. ఎవరికి రావలెను?

దీనికి 'నాటు నాటు' కథలోనే మంచి యుదాహరణము కలదు. దాని నెక్కువమంది గమనింపలేదు. ఆస్కారు వచ్చిన అయిదు నెలలకు, 2023 ఆగస్టు 24న, ఢిల్లీలో జాతీయ చలనచిత్ర బహుమానములు ప్రకటించిరి. అవి 2021వ సంవత్సరపు చిత్రములకు. 'ఆర్.ఆర్.ఆర్.' తెఱకెక్కినది 2022 మార్చిలోనే యైనను, ధ్రువపత్రము పొందినది అంతకు ముందటి యేడగుటచే ఆ లెక్కలోనికి వచ్చినది. ఉత్తమ గీతరచయితగా ఎన్నబడినది మన చంద్రబోసుగారే. ఏ పాటకు? 'నాటు నాటు'కు కాదు. 'కొండపొలము' అను చిత్రములోని 'ధం ధం ధం' అను పాటకు. గొఱ్ఱెలను తోలుకొని నల్లమల యడవి కేగు కాపరుల కథ అది; సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి నవల దానికి మూలము. 'నాటు నాటు' పాడిన ఇద్దఱిలో నొకరైన కాలభైరవగారికి ఉత్తమగాయకుని బహుమానము వచ్చినది. అదియు ఆ పాటకు కాదు. అదే చిత్రములోని 'కొమురం భీముడో' పాటకు. 'ఆర్.ఆర్.ఆర్.' నృత్యములకు ప్రేమ్ రక్షిత్‌గారికి బహుమానము దక్కినది.

లోకమంతయు ఒక పాటకు కిరీటము పెట్టిన యేడే, అదే కవిని, అదే గాయకుని గౌరవించుచు ఢిల్లీవారు వేఱు పాటలను చేతికెత్తుకొనిరి. వీరిలో నెవరు పొరబడిరి? ఎవరును పొరబడలేదు. ఆస్కారు పాటకు, అనగా బాణీ మాట కలిసిన వస్తువునకు, ఇచ్చుబడి. ఓటు వేసినవారిలో తెలుగు తెలిసినవారు ఎందఱుందురు? వారు విన్నది తాళమును, చూచినది అడుగులను. ఢిల్లీలో విచారింపబడినది మాటల పొందిక. ఎద్దు బలమును మెచ్చువాడొకడు, నడకను మెచ్చువాడొకడు. అంగడిలో ఒకే ధర పలుకునా?

నా చేతిలో ఆ ఓటుండినచో ఏమి చేసియుందునో దాచక చెప్పెదను. పాటకు బహుమానము 'నాటు నాటు'కే యిచ్చియుందును. పల్లెలోని తిండిని, చెట్టునీడను, జాతరను వరుసపెట్టి అంత వేగమున గుప్పించి, ఒక్క మాటయు తాళమునకు ఎదురుతిరుగకుండ కూర్చుట సామాన్యము కాదు. అందులో నూటికి తొంబదిపాళ్లు అరదినమున వ్రాసి, మిగిలిన పదిపాళ్లకు 19 నెలలు పట్టినదని చంద్రబోసుగారు చెప్పియున్నారు. వ్యాసము ఒక్క గంటలో ముగించి చేతులు దులుపుకొను మన విద్యార్థులు ఆ పదిపాళ్ల సంగతి చెవిని వేసికొందురు గాక. కాని ఉత్తమరచన అనుదానికి నేను సుద్దాల అశోకతేజగారి 'కొమురం భీముడో'ను ఎన్నుకొనియుందును. కొరడాదెబ్బల నడుమ మోకరిల్లనివాని నోట వచ్చు పాట అది. అక్కడ కవి చమత్కారము చూపబోయినచో పాట చచ్చియుండును. ఆయన చూపలేదు. ఆ నిగ్రహమునకు నేను ఎక్కువ వెల కట్టుదును. ఢిల్లీవారు ఆ పాటకు గాయకుని ముఖమున గౌరవ మిచ్చిరి, రచనకు ఇయ్యలేదు. నా తీర్పు నాది.

మన రాష్ట్రపు బహుమానముల విషయమున జోస్యము మఱింత కష్టము. 1964 మొదలు ఆంధ్రప్రదేశ ప్రభుత్వము లేపాక్షి నంది పేర బహుమానము లిచ్చెను. మొదటి బంగారునంది 'డాక్టర్ చక్రవర్తి'కి వచ్చినది. 2014, 2015, 2016 సంవత్సరముల నందులను 2017 నవంబరులో ఒక్కమాఱే ప్రకటింపగా పెద్ద రగడ లేచినది. తరువాతి సంవత్సరములకు నందులు రాలేదు. తెలంగాణ ప్రభుత్వము గద్దరుగారి పేర బహుమానములు నెలకొల్పి, 2025 జూన్ 14న హైదరాబాదులో మొదటి పర్యాయము పంచిపెట్టెను. 2024 సంవత్సరపు ఉత్తమచిత్రముగా 'కల్కి 2898 ఏ.డి.', ఉత్తమనటునిగా 'పుష్ప 2'లో నటించిన అల్లు అర్జునుగారు, ఉత్తమనటిగా '35 చిన్న కథ కాదు'లో నటించిన నివేదా థామసుగారు ఎన్నబడిరి. ఈ పేరులు మే నెల చివరనే తెలిసినవి. ఇక్కడ కవరు లేదు, ఊపిరి బిగబట్టుట లేదు. సభ అనునది నిశ్చయమైన పెండ్లికి ముహూర్తము వంటిది.

ఇట్టి బహుమానములను వేలమంది ఓటు తేల్చదు. కొలదిమంది పెద్దలు కూర్చుండి మాటలాడుకొని తేల్చుదురు. వేలమంది యోటులో ఒకని మొగ్గు మఱియొకని మొగ్గుతో కొట్టుకొనిపోయి, పేరుమోసినదానివైపే త్రాసు వంగును. కొలదిమంది సభలో ఒక్కరు నోరు విప్పి గట్టిగ చెప్పినచో త్రాసు తిరుగవచ్చును. అందుచేతనే, 2024కు రెండవ ఉత్తమచిత్రము 'పొట్టేల్' అగునని ముందుగ చెప్పినవారు నాకు తారసపడలేదు. కూతురిని చదివించుటకు ఒక గొఱ్ఱెలకాపరి పడు పాట్లు దాని కథ. చదువునుగూర్చిన కథ యైనందుననే న్యాయనిర్ణేతలు దానిని పైకి తెచ్చిరేమో; అట్లయినను దానిలో నాకు తప్పు తోచదు.

తలిదండ్రులకు ఒక్క మాట. మీ పిల్లలు ఊహించుట నాపకుడు. పందెము కాయుట నాపుడు. టీకి కాచిన పందెము వంద రూపాయలకును, వంద రూపాయలది ఫోనులో ముక్కుమొగము తెలియనివానితో ఆడు జూదమునకును సాగుట కెక్కువ కాలము పట్టదు. 2017లో మన రాష్ట్ర శాసనము అంతర్జాలపు పందెములను సైతము నిషేధించినది. ఇక నటుల అభిమానులమని చెప్పుకొను యువకుల తగవులున్నవి. బహుమానము రానిచో న్యాయనిర్ణేతల కులము విచారించుటయు, వచ్చినచో ఎదుటి నటుని తల్లిని తిట్టుటయు అభిమాన మెట్లగునో నాకు బోధపడదు. ఆ నటులు సభలో పక్కపక్కన కూర్చుండి నవ్వుకొనుచుందురు.

విద్యార్థులకు నేను చెప్పు ఉపాయ మిది. ఫలితములకు వారము ముందు ఒక కాగితము తీసి నడుమ గీత గీయుడు. ఎడమవైపున ఎవరికి వచ్చునో వ్రాయుడు. కుడివైపున ఎవరికి రావలెనో వ్రాసి, ఎందువలననో రెండు వాక్యములలో చెప్పుడు. నటన బాగున్నది అని వ్రాసిన వాక్యము లెక్కకు రాదు. ఏ ఘట్టమున, ఏమి చేసెను, అది చేయనిచో ఏమి పోయియుండునో వ్రాయవలెను. కాగితమును కవరులో పెట్టి యంటించి ఉపాధ్యాయునికి ఇండు. ఫలితములు వచ్చినపిమ్మట ఎడమవైపు గడులను దిద్దుకొనుడు, ఎన్ని తప్పెనో లెక్కపెట్టుడు, ఎందుకు తప్పెనో విచారింపుడు. కుడివైపున మాత్రము కలము పెట్టకుడు. ఎవరో కవరు విప్పినంత మాత్రమున మీ రెండు వాక్యములు అబద్ధములు కావు. చిత్రమును మఱల చూచి మనస్సు మాఱినచో క్రింద తేదీ వేసి క్రొత్తగ వ్రాయుడు; పాతదానిని కొట్టివేయకుడు.

నా కాగితములో 2023వ సంవత్సరపు చిత్రములకు కుడివైపున వ్రాసిన దొకటి కలదు. ఆ యేడు మార్చిలో వచ్చిన 'బలగము' చిత్రమును పల్లెలలో తెఱలు కట్టి, చాపలు పఱచుకొని ఊరంతయు కలిసి చూచిరి. గద్దరు బహుమానములలో ఆ సంవత్సరపు ఉత్తమచిత్రము అదే. 2025 ఆగస్టు 1న ప్రకటించిన జాతీయ బహుమానములలో, అందలి 'ఊరు పల్లెటూరు' పాటకు కాసర్ల శ్యాముగారు ఉత్తమ గీతరచయితగా ఎన్నబడిరి. ఉత్తమగాయకునిగా ఎన్నబడినది 'బేబి' చిత్రమున పాడిన పి.వి.ఎన్.ఎస్. రోహితుగారు. అది తెలుగువారికి దక్కినదే కావున సంతోషమే. కాని గాయకులకు ఎదురుగా నా కాగితముమీద ఉన్న పేరులు వేఱు. వరంగల్లు జిల్లా దుగ్గొండికి చెందిన బుడగజంగాల కళాకారులు మొగిలయ్యగారు, ఆయన భార్య కొమురమ్మగారు, 'బలగము' చివర పాడిన పాటకు. ఆ గొంతులలో సంగీతశాల నునుపు లేదు. చావు జరిగిన యింటి ముంగిట నిలిచి, విడిపోయిన అన్నదమ్ముల నిద్దఱిని పేరుపెట్టి పిలిచినట్లుండును ఆ పాట. ఆ పాట లేనిచో చిత్రమున అన్నదమ్ములు కలిసికొనుటను ఎవరును నమ్మియుండరు. మొగిలయ్యగారు 2024 డిసెంబరులో కన్నుమూసిరి. ఆ గడిలో ఆ రెండు పేరులు అట్లే యున్నవి.